స్టోమా బ్యాగు ఊడిపోతోందా? ముందు లంగా బొందు చూడండి

మలం బయటికి రావడానికి పేగుతో పొట్ట మీద చేసే ద్వారమే స్టోమా; దాని మీద అంటించేది ఈ బ్యాగు. ఆపరేషన్ విశాఖలోనో బరంపురంలోనో అయిపోతుంది. బ్యాగుతో అసలు తంటా పర్లాకిమిడికో గుణుపురానికో ఇంటికి చేరాక మొదలవుతుంది.

సమస్య: అంటించిన పూటే అంచు లేచి కారుతోంది

మొదటి కారణం కొలత. ఆపరేషన్ తర్వాత 6 నుంచి 8 వారాల దాకా స్టోమా వాపు తగ్గుతూ చిన్నదవుతుంది. ఆసుపత్రిలో ఇచ్చిన కొలతకే బ్యాగు రంధ్రం కత్తిరిస్తూ పోతే చుట్టూ ఖాళీ మిగిలి మలం అందులోకి చేరుతుంది. వారానికోసారి కొలవండి. రంధ్రం స్టోమా కంటే 2, 3 మిల్లీమీటర్లే పెద్దదిగా ఉండాలి.

రెండోది చర్మం. కొబ్బరినూనె, ముఖానికి వాడే పౌడర్ అక్కడ వద్దు. మామూలు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అంటించాక అరచేతితో కాసేపు అదిమి పట్టండి.

మూడోది ఎవరూ అడగని కారణం: బొందు. 1954లో ఎలిసె సోరెన్‌సెన్ అనే డానిష్ నర్సు, బయటికి వెళ్లడానికి భయపడుతున్న తన తోబుట్టువు కోసం ఒంటికి అంటుకునే బ్యాగును ఊహించింది. ఆ ఊహలో చీర కట్టు లేదు కదా! లంగా బొందు స్టోమా మీదుగా బిగిస్తే బ్యాగులోకి జారాల్సింది పక్కకు తన్నుతుంది. బొందు తీసేసి వెడల్పాటి మెత్తని ఎలాస్టిక్ పట్టీ కుట్టించండి, కట్టు పైకో కిందికో జరపండి. లుంగీ ముడికీ ఇదే మాట. ఆపరేషన్ ఇంకా కాకపోతే, చీర కట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుని చూపించి, స్టోమా చోటును ముందే గుర్తు పెట్టమని డాక్టర్‌ను అడగండి. ఇందులో మొహమాటం వద్దు.

సమస్య: చుట్టూ ఎర్రబడి మంట

ఇలియోస్టమీలో (చిన్నపేగుతో చేసిన స్టోమాలో) వచ్చే ద్రవంలోని జీర్ణరసాలు చర్మాన్ని తినేస్తాయి. ముందు లీకు ఆపాలి. స్టోమా పౌడర్ పల్చగా చల్లి, ఎక్కువైంది దులిపేయండి. దురదతో చిన్న పొక్కులు వస్తే డాక్టర్‌కు చూపించాలి.

సమస్య: చెమట, చప్పుడు, నలుగురిలో సిగ్గు

ఆసుపత్రిలో పారదర్శకమైన బ్యాగు ఇచ్చేది స్టోమా రంగు కనిపెట్టడానికే. ఇంటికొచ్చాక లోపలిది కనిపించని రకం అడగండి. పాత నూలు పంచెతో తొడుగు కుట్టుకుంటే ప్లాస్టిక్ ఒంటికి అంటదు, చప్పుడూ తగ్గుతుంది. తొడుగు అడుగు తెరిచి ఉంచితే దాన్ని విప్పకుండానే బ్యాగు ఖాళీ చేయొచ్చు.

సమస్య: వాసన

బాగా అంటుకున్న బ్యాగు నుంచి వాసన రాదు. వస్తే బ్యాగు తోక (ఖాళీ చేసే మూతి) దగ్గర తుడవలేదు, లేదా అంచు లేచింది. మూడో వంతు నిండగానే ఖాళీ చేయండి.

సమస్య: ఎండల్లో నీరసం, నోరెండడం

ఇలియోస్టమీ ఉన్నవాళ్లకు నీళ్లూ ఉప్పూ త్వరగా పోతాయి. ఓఆర్‌ఎస్ తాగాలి. ఉప్పేసిన పొఖాళొ (చద్దన్నం) నీళ్లు మంచివే, కానీ దానికి బదులు కావు.

తుడిచినప్పుడు ఒకటి రెండు చుక్కల రక్తం కనిపిస్తే టెన్షన్ అక్కర్లేదు. స్టోమా నల్లబడినా, ఏమీ రాకుండా కడుపు నొప్పి, వాంతులు మొదలైనా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.