పాత లెగ్ హార్మోనియం: గాలి నిలవకపోతే, మెట్టు పలకకపోతే

సురభి నాటక సమాజం పుట్టిన జిల్లా కదా, కడప వైపు పద్యనాటకాలకు వాడిన లెగ్ హార్మోనియాలు (కాళ్లతో తొక్కి గాలి పట్టించేవి) ఇప్పటికీ అక్కడక్కడా మూలన పడి ఉంటాయి. ఎవరిని అడిగినా "రీడ్లు (స్వరం పలికే ఇత్తడి నాలుకలు) పోయాయి" అంటారు. నమ్మకండి, ముందు గాలి సంగతి చూడండి.

తొక్కీ తొక్కీ కాళ్లు పడిపోతున్నా స్వరం పీలగానే వస్తోందా? మెట్లేవీ (వేళ్లతో వాయించే పలకలు) నొక్కకుండా తిత్తి నిండా గాలి పట్టించి కాళ్లు తీసేయండి. చూస్తుండగానే కుంగిపోతే ఎక్కడో లీకు ఉన్నట్టే. వెలిగించిన అగరుబత్తిని మడతల వెంబడి మెల్లగా జరుపుతూ పోతే, పొగ ఎక్కడ చెదిరిందో అక్కడే చిల్లు. మన ఎండలకు తోలు ముందు మడతల దగ్గరే పగులుతుంది. పల్చటి గొర్రెతోలు ముక్క తీసుకుని, అంచులు ఇంకా పల్చగా చెక్కి, వజ్రం బంకతో (జంతువుల తోలు, ఎముకలు ఉడికించి చేసే జిగురు) అంటించండి. ఫెవికాల్ వద్దు, రేపు విప్పాల్సి వస్తే చెక్క పెచ్చులతో సహా ఊడొస్తుంది. వజ్రమైతే వేడినీళ్ల గుడ్డ కాసేపు వేస్తే వదులుతుంది. తోలంతా పెళుసెక్కితే మాత్రం అతుకులు దండగ, మొత్తం మార్చాల్సిందే.

ఒక్క మెట్టు మూగబోతే ఎక్కువగా దుమ్మే కారణం. ఇత్తడి నాలుకకూ చట్రానికీ మధ్య సందు వెంట్రుకవాసే, అందులో నలుసు పడితే చాలు. నోటితో ఊదకండి, తడి తగులుతుంది. మెత్తటి బ్రష్షు, పల్చటి కాగితం చాలు. నాలుకను చట్రానికి బిగించిన మొదలు దగ్గర సన్నటి పగులు కనిపిస్తే ఆ రీడుకు వైద్యం లేదు, మార్చేయండి.

నొక్కకుండానే కూస్తుంటే మెట్టు స్ప్రింగో, గాలిదారిని మూసే మూత కింది తోలో చూడండి. వానాకాలమైతే చెక్క ఉబ్బి మెట్టు ఇరుక్కుని ఉండొచ్చు.

శ్రుతి తగ్గితే నాలుక కొసన, పెరిగితే నాలుక మొదలు దగ్గర గీకాలి. కింద పల్చటి రేకు పెట్టి, ఒకటి రెండు గీతలు గీకి వినండి. ఇదంతా తిత్తి బాగయ్యాకే, గాలి సరిగ్గా లేనప్పుడు శ్రుతి సరిచేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

తొక్కలేక మోటారు పెట్టుకుంటారా? హార్మోనియానికి ఊదే గాలి కావాలి, అమెరికన్ ఆర్గానైతే పీల్చే గాలి. ఏదో తేల్చుకుని బ్లోయర్ బిగించండి. గాలి మరీ ఎక్కువైతే రీడ్లు పలకవు, కాబట్టి పైపుకు ఒక సందు, దానికి జరిపే మూత పెట్టండి. రొద మైకులోకి రాకుండా మోటారును తెర వెనక ఉంచండి. పెడళ్లు మాత్రం పీకేయొద్దు, పద్యం మధ్యలో కరెంటు పోతే అవే దిక్కు.