రంగులతో తగువు – 4వ పాఠం: రంగు మారినా టోన్ మారొద్దు

పోయిన మూడు పాఠాల్లో రంగుల చక్రం గీసి, ఏ రంగు పక్కన ఏది కుదురుతుందో చూశాం. ఈసారి ఆ చక్రాన్ని మూలన పెడదాం. అలాగని డబ్బాలన్నీ మూతలు తీసి ఇష్టమొచ్చినట్టు పూయమని కాదు. ఒక్క లెక్క మాత్రం వదలొద్దు: ఏది లేత, ఏది ముదురు అన్నది. దాన్నే టోన్ అంటాం.

1905లో ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ తన భార్య బొమ్మ వేస్తూ నుదుటి నుంచి ముక్కు మీదుగా ఆకుపచ్చ చార దించాడు. మనిషి ముఖంలో ఆ రంగు ఎక్కడుంటుంది? అయినా ముఖం ముఖంలాగే నిలబడింది. వెలుగూ నీడా కలిసేచోట ఉండాల్సిన నీడ గీత పనిని ఆ చార చేసింది. అదే ఏడాది పారిస్ ప్రదర్శనలో మతీస్, దెరేన్ వంటివాళ్ల బొమ్మలు చూసి ఒక విమర్శకుడు వాళ్లను 'ఫోవ్' అన్నాడు, అంటే అడవి మృగాలని. ఆ తిట్టే చివరికి వాళ్ల పేరైంది.

మన బతుకమ్మనే చూడండి. పసుపు తంగేడు పక్కన రంగులో ముంచిన గునుగు, ఊదా, గులాబీ, ఏది దొరికితే అది. చక్రం ప్రకారం పేర్చేవాళ్లు ఎవరూ ఉండరు. కానీ లేత వరస మీద ముదురు వరస పడితే, బ్లాక్ అండ్ వైట్ ఫొటోలోనూ వరసలు విడివిడిగా తెలుస్తాయి.

ఇక పని. భువనగిరి కోట ఉన్న ఏకశిల గుట్టను తీసుకోండి, లేదా మీ ఊరి గుట్టను. ముందు పెన్సిల్‌తో మూడే టోన్లు: ఆకాశం లేత, ఎండపడ్డ రాయి మధ్యస్తం, నీడ ముదురు. ఇప్పుడు పోస్టర్ కలర్లు. ఆకాశానికి లెమన్ ఎల్లో, ఎండకు నారింజ, నీడకు ఊదా. నీలం ఆకాశం, బూడిద రాయి ఈ పాఠంలో నిషేధం. 'గుట్ట నారింజ రంగులో ఉంటదా?' అని ఇంట్లో అడుగుతారు, అడగనివ్వండి.

నీడ కోసం నలుపు కలపొద్దు. పసుపులో నలుపు పడితే మురికి ఆకుపచ్చ అవుతుంది, రంగు చచ్చిపోతుంది. ముదురు కావాలంటే పుట్టుకతోనే ముదురైన రంగును ఎంచుకోవాలి, ఊదా లాంటిది. ఎరుపుతో జాగ్రత్త. కంటికి కేక వేస్తున్నట్టే ఉంటుంది కానీ టోన్‌లో చాలా ముదురు. టోన్ సమానమైన ఎరుపు, ఆకుపచ్చ ఆనుకుంటే అంచు అదురుతున్నట్టు కనిపిస్తుంది. ఆ అదురు కావాలనుకున్నచోటే ఉంచండి, వద్దన్నచోట మధ్యలో సన్నగా కాగితం తెల్లగా వదలండి. దెరేన్, మతీస్ కాన్వాస్‌ను అక్కడక్కడా ఖాళీగా వదిలింది ఊరికే కాదు.

ఆరాక ఫోన్‌లో ఫొటో తీసి రంగు తీసేసి చూడండి. గుట్ట ఆకాశంలో కలిసిపోయిందా? రంగు మార్చకండి, ఆకాశంలో కాస్త తెలుపు కలిపి మళ్లీ పూయండి.

తర్వాత రెండో కాగితం మీద అదే గుట్టను మూడు రంగులూ ఒకే టోన్‌లో ఉండేలా కావాలనే వేయండి. అది చూడ్డానికి బాగుండదు, అయినా చింపొద్దు. వచ్చే పాఠంలో దానిమీదే నల్ల గీతలు వేయాలి.