నీరు నిలిచే నేలను మొక్కల పెంపకానికి సిద్ధం చేయడం: సమస్యలు, పరిష్కారాలు

మొక్కలు పెంచాలనుకున్న చోట నీరు నిలుస్తున్నదని తెలియగానే చాలామంది ఇసుకో, కొత్త మట్టో తెప్పించి పోయిస్తారు. నీరు ఎందుకు నిలుస్తున్నదో తేల్చుకోకుండా ఈ పని చేస్తే ఖర్చు, శ్రమ రెండూ వృథా అయ్యే ప్రమాదమే ఎక్కువ. పైనుంచి పడిన వాన ఇంకకపోవచ్చు, ఎగువ నుంచి నీరు పారి రావచ్చు, లేదా అడుగునుంచి ఊరవచ్చు. పైకి కనిపించే బురద ఒకటే అయినా, ఒకదానికి చేసే వైద్యం మరొకదానికి పనికిరాదు.

అందువల్ల ముందుగా ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు లోతు గల గుంట తీసి పరీక్షించాలి. పార తగిలి గుంట గోడలు నున్నగా మెత్తుకుపోయి ఉంటే వాటిని కొద్దిగా గీకాలి, లేకపోతే నీరు ఇంకే దారులు మూసుకుపోయి లెక్క తప్పుతుంది. గుంట నిండా నీరు పోసి, అది ఇంకిపోయిన తరువాత మళ్లీ నింపి, ఒక పుల్ల మీద గుర్తులు పెట్టుకుని గంటకు ఎంత దిగుతున్నదో చూడాలి. గంటకు 2.5 సెంటీమీటర్లకు తగ్గకుండా దిగితే చాలా కూరగాయలకు ఆ నేల సరిపోతుంది. ఒక సెంటీమీటరు కూడా దిగకపోతే నేలను బాగుచేయకుండా ఏదీ నాటకూడదు.

గుంటలోంచి తీసిన మట్టిపెళ్లను విరిచి చూడడం కూడా అంతే ముఖ్యం. గాలి ఆడే నేలలోని ఇనుము మట్టికి ఎరుపు, గోధుమ ఛాయలను ఇస్తుంది. ఎక్కువకాలం నీటిలో నానిన మట్టి బూడిద రంగులో, ఒక్కోసారి నీలి ఛాయతో ఉండి, పాత వేళ్లు వెళ్లిన సన్నని దారుల వెంట మాత్రం తుప్పు రంగు గీతలు కనిపిస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఆ లోతులో గాలి లేదని నిస్సందేహంగా చెప్పవచ్చు. బూడిద రంగు ఏ లోతున మొదలవుతుందో కొలిచి రాసుకోండి. ఎండాకాలంలో గుంట పొడిగా కనిపించినా, వానాకాలంలో నీరు ఎంతవరకు నిలుస్తుందో ఆ రంగు చాలావరకు చెప్పేస్తుంది.

వాన వెలిసి రెండు రోజులైనా పైన నీరు నిలిచే ఉంది, తవ్వితే అడుగున మట్టి పొడిగా ఉంది

నీటిని మధ్యలో ఏదో ఒక గట్టి పొర అడ్డుకుంటున్నదని దీని అర్థం. బరువైన వాహనాలు తిరిగిన చోట, ఇల్లు కట్టేటప్పుడు తొక్కిన చోట, ఏటేటా ఒకే లోతున దున్నిన చోట ఈ పొర ఏర్పడుతుంది. సన్నని ఇనుప చువ్వను నేలలోకి నొక్కితే కొంత లోతు వరకు సులువుగా దిగి ఒక్కసారిగా ఆగిపోతుంది. అక్కడ పెరిగిన కలుపు మొక్కను పీకి చూస్తే, దాని తల్లివేరు నేరుగా దిగకుండా ఆ లోతున పక్కకు వంగి ఉంటుంది.

ఆ పొరను గడ్డపారతోనో లోతు నాగలితోనో పగలగొట్టాలి, అయితే అందుకు అదను చూసుకోవాలి. తడి మట్టి పగలదు, పనిముట్టు కింద నలిగి మరింత గట్టిపడుతుంది. గుప్పెడు మట్టిని పిడికిట్లో బిగించి, వేలితో తట్టినప్పుడు పొడిపొడిగా విడిపోతే నేల పదునుకు వచ్చినట్టు. ముద్దగా నిలిచి వేలికి అంటుకుంటే ఆగవలసిందే. పొర పగిలిన వెంటనే బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, నడిచే దారులను శాశ్వతంగా విడిగా పెట్టుకుని, మళ్ల మీద కాలు పెట్టడం మానేయాలి. ఇంత శ్రమపడి వదులు చేసిన నేల, తడిగా ఉన్నప్పుడు నాలుగుసార్లు తొక్కితే మొదటికి వస్తుంది.

గుంట తీస్తే నీరు అడుగునుంచి ఊరి వస్తున్నది

ఇది భూగర్భజలం పైకి ఉన్న నేల. ఇక్కడ ఎంత దున్నినా, ఎంత ఎరువు వేసినా నీటిమట్టం దిగదు. రెండు మూడు అడుగుల గుంట తీసి, వాన పడకుండా పైన మూత పెట్టి, బాగా తడిగా ఉండే కాలంలో కొన్నాళ్లపాటు మట్టం గమనించాలి. చుట్టుపక్కల అంతకంటే పల్లమైన చోటు ఉండి నీటిని అటు వదలగలిగితే మురుగు కాలువ తవ్వవచ్చు. అటువంటి చోటు లేకపోతే నీటిని దించే ప్రయత్నం మాని, నేలనే ఎత్తు చేయాలి.

దారులను కాలువలుగా తవ్వి, ఆ మట్టిని మళ్ల మీదికి ఎత్తి పోయడం అన్నిటికంటే మంచి పద్ధతి. ఒకే శ్రమతో మడి పైకి లేస్తుంది, దారి లోతై నీటిని పట్టుకుంటుంది. నిలిచిన నీటికి, మడి పైభాగానికి మధ్య కనీసం 30 సెంటీమీటర్లు ఉండేలా చూడాలి. మడి వెడల్పు 1.2 మీటర్లు మించకపోతే రెండు వైపుల నుంచీ చేయి అందుతుంది. మడి అడుగున కంకర పరచడం వల్ల మేలు లేదు. సన్నని రంధ్రాలున్న మట్టి పూర్తిగా నానేదాకా నీటిని కింది కంకరలోకి వదలదు కాబట్టి, తడి పొర వేళ్లకు మరింత దగ్గరవుతుంది.

వానలు ఆగి చాలా రోజులైనా ఒక పక్క మాత్రమే చెమ్మగా ఉంటున్నది

ఎగువ నుంచి ఊట వస్తున్నది. ఎగువ అంచున వాలుకు అడ్డంగా 45 నుంచి 60 సెంటీమీటర్ల లోతు కందకం తీసి, ప్రతి 10 మీటర్లకు 10 సెంటీమీటర్ల చొప్పున వాలు ఇచ్చి, నీటిని పక్కకు మళ్లించాలి. కందకాన్ని తెరిచి ఉంచడం ఇష్టం లేకపోతే, రంధ్రాల గొట్టాన్ని వడపోత గుడ్డలో చుట్టి వేసి కంకరతో నింపవచ్చు. ఆ నీరు పొరుగువారి నేలలోకి పోకూడదు.

ఎంత లోతు తవ్వినా జిగట మట్టే

ఇసుక కలపమనే సలహా ఇక్కడే ఎక్కువగా వినిపిస్తుంది, ఇక్కడే అది ఎక్కువ హాని చేస్తుంది. మొత్తం మట్టిలో సగానికి పైగా ఇసుక ఉంటే తప్ప గుణం మారదు. కొద్దిపాటి ఇసుక జిగట మట్టితో కలిసి, ఎండినప్పుడు రాయిలా బిగుస్తుంది. దానికి బదులు ఏటా 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన చివికిన ఎరువు పరిచి పైమట్టిలో కలుపుతూ పోవాలి. ఒక్క ఏడాదిలో తేడా తెలియకపోవచ్చు, ఓపిక పట్టాలి. నీటి ముంపును తట్టుకునే జీలుగను పచ్చిరొట్టగా చల్లి పూతకు ముందు కలియదున్నితే పని తొందరవుతుంది. జనుము ముంపుకు తాళదు.

జిప్సం (కాల్షియం ఉండే ఖనిజపు పొడి) అన్ని బంకమట్టి నేలలకూ మందు కాదు. ఎండిన చిన్న మట్టిగడ్డను గాజు గ్లాసులోని వాన నీటిలో కదపకుండా వేసి కొన్ని గంటలు చూడండి. దాని చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే సోడియం ఎక్కువైన చౌడు లక్షణం ఉన్నట్టు. అప్పుడు భూసార పరీక్ష చేయించి, అందులో సూచించిన మోతాదులో జిప్సం వేయాలి. గడ్డ విరిగిపడినా నీరు తేటగానే ఉంటే జిప్సం మీద డబ్బు ఖర్చు చేయనక్కరలేదు.

నేల తడిగానే ఉంది, మొక్క మాత్రం వాడిపోతున్నది

ఇది చూసి మరింత నీరు పోయడం తరచుగా జరిగే పొరపాటు. ప్రాణవాయువు గాలిలో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఊపిరాడని వేళ్లు నీటిని పీల్చలేవు, వేరుకుళ్లు తెగులు కూడా అదే అదనుగా పట్టుకుంటుంది. నేలలోని నత్రజని వాయువుగా మారి పోవడం వల్ల కింది ఆకులు పసుపు పచ్చబడతాయి. ముందు నీటిని తీసేసి, మట్టి ఆరిన తరువాతే ఎరువు సంగతి చూడాలి.

కొత్తగా నాటిన పండ్ల మొక్క మాత్రమే చనిపోయింది, చుట్టూ గడ్డి బాగానే ఉంది

జిగట నేలలో గుంట తీసి మంచి మట్టితో నింపితే, చుట్టూ ఉన్న నీరంతా ఆ గుంటలోకి చేరి, బయటికి పోయే దారి లేక అది నీటి తొట్టిగా మారుతుంది. గుంట తవ్వకుండా, వదులు చేసిన నేల మీద 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తు, కనీసం ఒక మీటరు వెడల్పు గల దిబ్బ పోసి, దాని మీద నాటాలి. దిబ్బ కొంతకాలానికి కుంగుతుంది కనుక మొదటే కాస్త ఎత్తుగా పోయడం మేలు. బొప్పాయి ఒకటి రెండు రోజుల ముంపుకే చనిపోగలదు కాబట్టి, దిబ్బ పోసినా దానిని పల్లపు మూలలో పెట్టవద్దు. ఆ మూలకు తడి నేలలో సుఖంగా పెరిగే చేమ సరైన పంట.