గంజాయి ఆకు పోలికతో గోంగూర: రాయలసీమ మిద్దెల మీద పెంచుకునే విధానం

ఇంటి మిద్దె మీద ఒకటి రెండు గంజాయి మొక్కలు పెంచుకుంటే తప్పేమిటని అడిగేవారు అప్పుడప్పుడు తారసపడుతుంటారు. దానికి జవాబు చిన్నది. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా గంజాయి మొక్కను సాగు చేయడం నేరం. అది పొలంలో ఉన్నా, కుండీలో ఉన్నా తేడా లేదు, ఒక్క మొక్కయినా మినహాయింపు లేదు. పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కనుక ఆ మొక్కను పెంచే పద్ధతి ఇక్కడ చెప్పబోవడం లేదు. అచ్చం అలాంటి ఆకే వేసి, మన జొన్నరొట్టెకూ రాగిసంకటికీ తోడుగా నిలిచే మరో మొక్క ఉంది. అది గోంగూర. దాని శాస్త్రీయ నామంలోనే ఆ పోలిక ఉంది. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1759లో దీనికి హిబిస్కస్ కన్నాబినస్ అని పేరు పెట్టాడు. కన్నాబినస్ అంటే గంజాయి వంటిది అని అర్థం.

పోలిక ఉన్న మాట నిజమే కాని, దగ్గరగా చూస్తే రెండింటినీ తేలికగా వేరు చేయవచ్చు. గంజాయి ఆకు ఒకే ఆకులా కనిపించినా, అది కాడ కొసన విడివిడిగా మొలిచిన అయిదు, ఏడు చిట్టి ఆకుల కూర్పు. గోంగూరది ఒకటే ఆకు. అది లోతుగా చీలి చేతివేళ్లలా విడిపోతుంది, అంతే. నాలుక మీద ఒక ముక్క వేసుకుంటే పులుపు తెలుస్తుంది. పువ్వు పూస్తే ఇక అనుమానమే ఉండదు, ఎందుకంటే అది బెండపువ్వులాగే లేత పసుపు రంగులో, నడుమ ముదురు ఎరుపు మచ్చతో ఉంటుంది. బెండ, గోంగూర రెండూ ఒకే కుటుంబం. 2014లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో హెలికాప్టరు నుంచి చూసిన పోలీసులు ఒక ఇంటి పెరట్లోని బెండ మొక్కలను గంజాయి అనుకొని ఆయుధాలతో ఆ ఇంటికి వెళ్లి, చివరికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. బెండకే ఆ గతి పట్టినప్పుడు గోంగూరను చూసి ఎవరైనా పొరబడితే ఆశ్చర్యపడనక్కరలేదు.

గోంగూర ఎక్కడ పడితే అక్కడ దానంతట అదే వస్తుందని మనలో చాలామంది నమ్మకం. చేలో, కంది సాళ్ల మధ్య, గట్ల మీద అది అలాగే వస్తుంది కూడా. కుండీలో మాత్రం ఆ మాట చెల్లదు. అనంతపురంలో నేను మొదటిసారి వేసినప్పుడు వినాయక చవితి దాటాక విత్తనం చల్లి, మొక్క మూరెడు ఎత్తు కూడా రాకుండానే మొగ్గ తొడిగితే, మట్టిలో సత్తువ లేదేమోనని ఎరువు మీద ఎరువు వేస్తూ పోయాను. ఎరువుకూ ఆ మొగ్గకూ సంబంధం లేదని తెలుసుకోవడానికి నాకు మరో ఏడాది పట్టింది.

అసలు సంగతి పగటి పొడవు. గోంగూర పగలు కురచబడుతున్నప్పుడు పూసే జాతి మొక్క. పగటి సమయం సుమారు పన్నెండున్నర గంటల కంటే తగ్గితే దానికి పూతకాలం వచ్చినట్టు లెక్క. మన అక్షాంశంలో అత్యంత దీర్ఘమైన పగలు జూన్‌లో దాదాపు పదమూడు గంటలే ఉంటుంది, ఆగస్టు నెలాఖరుకు అది పన్నెండున్నరకు దిగిపోతుంది. అందువల్ల జూన్‌లో విత్తిన మొక్కకు ఆకు వేయడానికి మూడు నెలల గడువు దొరుకుతుంది. సెప్టెంబరులో విత్తిన మొక్క మొలకెత్తిన కొద్ది వారాలకే పూత బాట పట్టి, కొమ్మలు వేయడం మానేస్తుంది. పప్పుకూ పచ్చడికీ ఆకు కావాలనుకునేవారు రోహిణి కార్తె ఎండ తగ్గి మృగశిర ప్రవేశించగానే, అంటే జూన్ రెండో వారంలో, విత్తుకోవడం అన్నిటికన్నా మేలు. నీటి వసతి ఉన్నవారు శివరాత్రి వెళ్లాక కూడా ఒక విడత వేసుకోవచ్చు. పగలు పెరుగుతూ పోయే కాలం అది, కాని ఏప్రిల్, మే నెలల ఎండను కాచుకోవలసిన బాధ్యత మనదవుతుంది. చలికాలపు విత్తు మాత్రం విత్తనం కోసం వేసుకునేదే తప్ప ఆకు కోసం కాదు.

విత్తనం ఎంచుకునేటప్పుడు రెండు రకాలు ఎదురవుతాయి. పచ్చని కాండం, చీలికల ఆకు, కాండం మీద సన్నని ముళ్లు ఉన్నది తెల్ల గోంగూర. పైన చెప్పిన కన్నాబినస్ ఇదే. కాడలు ఎర్రగా ఉండి, పులుపు ఎక్కువగా ఉండేది ఎర్ర గోంగూర. అది హిబిస్కస్ సబ్దారిఫా అనే వేరే జాతి, దాని కాయల చుట్టూ ఉండే ఎర్రని కండగల రేకులు కూడా తినడానికి పనికివస్తాయి. పచ్చడికి నా ఓటు ఎర్రదానికే. పప్పులోకి తెల్లది మెత్తగా కలిసిపోతుంది. రెండూ ఒకే పద్ధతిలో పెరుగుతాయి. నార పంటగా వీటిని శ్రీకాకుళం, విజయనగరం వైపు పెంచుతారు, ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో వీటి మీద పని జరుగుతుంది. అయితే నార కోసం తయారైన రకాలు కొమ్మలు వేయకుండా నిటారుగా ఎదుగుతాయి గనుక మిద్దె తోటకు కూర రకం విత్తనమే అడిగి తెచ్చుకోవాలి.

కుండీ లోతు కనీసం అడుగు ఉండాలి, ఎందుకంటే గోంగూర వేరు సూటిగా కిందికి దిగుతుంది. అడుగున నాలుగైదు రంధ్రాలు తప్పనిసరి. పద్నాలుగు అంగుళాల కుండీలో నాలుగు మొక్కలు, రెండడుగుల గ్రోబ్యాగులో పది మొక్కలు హాయిగా బతుకుతాయి. అంతకంటే ఎక్కువ కిక్కిరిస్తే ఆకు చిన్నదవుతుంది. మట్టి విషయంలో జిల్లాను బట్టి పద్ధతి మారుతుంది. అనంతపురం చుట్టుపక్కల ఎర్రమట్టి ఇసుకపాలు ఎక్కువై నీటిని నిలపదు, కనుక రెండు పాళ్ల మట్టికి ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు చెరువు ఒండ్రు కలపాలి. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడికి ఇబ్బంది దీనికి సరిగ్గా తలకిందులు. అది నీటిని పట్టుకుని వదలదు, ఎండితే బీటలిచ్చి వేళ్లను తెంపుతుంది. అక్కడ సగానికి సగం ఇసుక, ఎరువు కలిపితే తప్ప కుండీకి పనికిరాదు. కడప వారికి రెండు రకాల నేలలూ అందుబాటులో ఉంటాయి గనుక ఎర్రమట్టి వైపు మొగ్గడం మంచిది. ఏ మట్టి అయినా కుండీకి గుప్పెడు వేపపిండి కలిపి, తడిపి, వారం రోజులు ఆరనిచ్చాక విత్తుకోవాలి.

విత్తనాలను రాత్రంతా నీటిలో నానబెట్టి, తేలినవాటిని పారవేసి, మునిగినవాటిని వేలి గోరు లోతులో జానెడుకు రెండు చొప్పున నాటితే నాలుగైదు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. మొలకలు నాలుగు ఆకుల దశకు వచ్చాక బలహీనంగా ఉన్నవాటిని పీకి, మొక్కకూ మొక్కకూ ఆరేడు అంగుళాల ఎడం ఉంచాలి. పీకిన లేత మొక్కలను పారవేయనక్కరలేదు, వేళ్లు కోసి పప్పులో వేసుకోవచ్చు. నిజానికి ఆ తొలి పప్పు రుచి తరువాతి కోతల్లో రాదు.

మన ప్రాంతంలో ఈ మొక్కను చంపేది చీడ కంటే మిద్దె వేడి. అనంతపురంలో ఏడాది వర్షపాతం సగటున సుమారు 550 మిల్లీమీటర్లే. కర్నూలులో వేసవి ఎండ 44 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. పైనుంచి వచ్చే ఎండను గోంగూర ఓర్చుకుంటుంది గాని, కాలిన సిమెంటు నేల నుంచి కుండీ అడుగుకు ఎక్కే వేడికి వేళ్లు ఉడికిపోతాయి. కుండీలను ఇటుకల మీద ఎత్తి పెట్టడం, నల్ల ప్లాస్టిక్ కుండీలకు గోనెసంచి చుట్టడం, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట సగం నీడనిచ్చే పచ్చవల కట్టడం అవసరం. మట్టి మీద మనకు చవకగా దొరికే బుడ్డల పొట్టు, అదే సెనక్కాయ పొట్టు, రెండంగుళాల మందాన పరిస్తే నీటి ఖర్చు బాగా తగ్గుతుంది. అయితే దానికి చెదలు ఆశపడతాయి కాబట్టి కాండానికి ఆనకుండా రెండు వేళ్ల ఖాళీ వదలాలి, అప్పుడప్పుడు ఎత్తి చూస్తుండాలి.

నీరు వేసవిలో ఉదయం, సాయంత్రం. వానాకాలంలో మట్టిలో వేలు పెట్టి చూసి తడి లేకపోతేనే. మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే మొదలు నల్లబడి కుళ్లుతుంది, ఆ తెగులు తగిలిన మొక్కను కాపాడే మార్గం లేదు. బోరునీరు వాడేవారికి మరొక చిక్కు ఉంది. మన బోర్లలో ఉప్పు ఎక్కువ. రెండు మూడు నెలలకు మట్టి మీద తెల్లని పొర కట్టి, ఆకు అంచులు మాడుతుంటాయి. అది చీడ అనుకొని మందు కొట్టడం వృథా. వాననీరు పట్టి పెట్టుకుని నెలకొకసారి కుండీ అడుగు నుంచి కారేదాకా పోస్తే ఆ ఉప్పు కొట్టుకుపోతుంది. కాలువ నీరు అందే కర్నూలు, కడప ఇళ్లవారికి ఈ బాధ కొంత తక్కువ.

కోత దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. ఆకులను కింది నుంచి ఒక్కొక్కటిగా గిల్లుకుంటూ పోతే మొక్క కర్రలా ఎదిగి, తల మీద మాత్రమే నాలుగు ఆకులతో మిగులుతుంది. విత్తిన నెల రోజులకు, మొక్క మూరెడు ఎత్తు రాగానే, నేలకు జానెడు ఎత్తున నాలుగైదు కణుపులు ఉంచి తలను కోసేయాలి. కోసిన చోటు కింది కణుపుల నుంచి మూడు నాలుగు కొమ్మలు వస్తాయి. పదిహేను రోజుల తరువాత ఆ కొమ్మల తలలు కోయాలి, అవి మళ్లీ చీలుతాయి. ఈ లెక్కన జూన్‌లో విత్తిన మొక్క దసరా లోపల అయిదారు కోతలు ఇస్తుంది. కోత ఎప్పుడూ తెల్లవారి, ఎండెక్కక ముందే చేయాలి. కోసిన ప్రతిసారీ గుప్పెడు సెనక్కాయ చెక్కను మూడు రోజులు నానబెట్టి, పదింతల నీటిలో పలుచన చేసి పోస్తే కొత్త చిగురు బలంగా వస్తుంది. యూరియా వేస్తే ఆకు పెద్దదవుతుంది, నిజమే, కాని పులుపు చప్పబడి, పేనుబంక పిలిచినట్టే వస్తుంది.

చీడల్లో పేనుబంకనూ పిండినల్లినీ లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టి అదుపు చేయవచ్చు. కొట్టిన వారం రోజుల దాకా ఆ ఆకు వాడకూడదు. ఆకుకు చిన్న చిన్న రంధ్రాలు చేసే పెంకు పురుగులను పొద్దున్నే కుండీ కింద పాత గుడ్డ పరిచి మొక్కను దులిపితే చాలావరకు వదిలిపోతాయి. ఈనెలు పసుపు రంగుకు తిరిగి ఆకంతా వలలా కనిపిస్తే అది తెల్లదోమ వల్ల పాకే పల్లాకు తెగులు. ఆ మొక్కను మొహమాటం లేకుండా పీకి దూరంగా పారవేయాలి, లేకపోతే పక్కన ఉన్న బెండకు కూడా తెల్లదోమ బెడద తప్పదు.

వంట గురించి ఒక్క మాట. ఈ ఆకులో ఆగ్జలేట్లు అనే లవణాలు ఎక్కువ గనుక మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవారు వైద్యుని అడిగి తినడం మంచిది. పులుపు అల్యూమినియాన్ని తింటుంది కాబట్టి మట్టి కుండలోనో స్టీలు గిన్నెలోనో ఉడికించాలి.

దసరా నాటికి మొగ్గలు కనిపించినప్పుడు వాటిని గిల్లుతూ మరో రెండు వారాలు ఆకును సాగదీయవచ్చు గాని, ఆ తరువాత ఆకు చిన్నదై గట్టిబడుతుంది. అప్పటికి బలంగా, తెగులు లేకుండా నిలిచిన రెండు మొక్కలను కోయకుండా వదిలిపెడితే పుష్యమాసానికి కాయలు ఎండుతాయి. కాయల మీది నూగు చేతికి గుచ్చుకుని దురద పెడుతుంది కాబట్టి గుడ్డ చుట్టుకుని కోసి, సంచిలో వేసి కర్రతో కొట్టి, చేటలో చెరిగి, రెండెండలు పెట్టి, జల్లించిన బూడిద కలిపి సీసాలో మూతపెడితే మరుసటి మృగశిరకు విత్తనం సిద్ధం. మిగిలిన కాండాలను ఆకు రాల్చి, తొట్టి నీటిలో రాయి బరువు పెట్టి పది, పదిహేను రోజులు నానబెడితే బెరడు నారగా ఊడి వస్తుంది. నీరు కంపు కొడుతుంది కనుక ఆ తొట్టిని పడకగది కిటికీకి దూరంగా పెట్టుకోవాలి. కడిగి ఆరబెట్టిన ఆ గోగునారతోనే నేను సొర, బీర తీగలను పందిరికి కడుతున్నాను; అది ప్లాస్టిక్ తాడులా తీగను కోయదు, ఒక కాపు అయ్యేదాకా తెగదు.