గాలిలోంచి తీసిన కార్బన్‌కు టన్నుకు 180 డాలర్లు: అమెరికా 45క్యూ ట్యాక్స్ క్రెడిట్‌కు దరఖాస్తు విధానం

ముందే ఒక మాట చెప్పేస్తాను. 45క్యూ అంటే అమెరికా పన్ను చట్టంలో ఒక సెక్షన్. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టినవాళ్లకు కట్టాల్సిన పన్నులో తగ్గింపు, అంటే ట్యాక్స్ క్రెడిట్ ఇస్తుంది. దానికోసం అప్లికేషన్ ఫారం ఎక్కడుందా అని వెతక్కండి, అలాంటిది లేదు. ఇది ముందుగా చేతికిచ్చే గ్రాంటు కాదు. మన ఊళ్లో ధాన్యం కొనుగోలు కేంద్రంలో కాంటా అయ్యాక, కాగితం చేతికొచ్చాక, ఆ తూకం ప్రకారమే డబ్బు పడుతుంది కదా, ఇదీ అంతే. గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీయాలి, అది మళ్లీ గాలిలోకి రాకుండా దాచాలి, ఎన్ని టన్నులో చూపించాలి. ఆ తర్వాతే ట్యాక్స్ రిటర్న్‌లో అడగాలి. ఫారం నింపడం చిట్టచివరి పని. అసలు పని అంతకు కొన్నేళ్ల ముందే, వాయువును దాచే బావి తవ్వకముందే మొదలవుతుంది.

హ్యూస్టన్‌లో, బే ఏరియాలో ఇంజినీర్లుగానో అకౌంటెంట్లుగానో ఉన్న మనవాళ్లకు ఈ ఫైలు ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. వాళ్లను దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను. ఇండియాలో ప్లాంట్ పెట్టి దీన్ని తీసుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు. కుదరదు. వాయువును పట్టడం, దాచడం రెండూ అమెరికా భూభాగంలోనే జరగాలి.

అసలు ఇంత డబ్బు ఎందుకిస్తున్నారో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. గాలిలో ప్రతి పదివేల అణువుల్లో కార్బన్ డయాక్సైడ్‌వి నాలుగుకు కాస్త ఎక్కువ, అంతే. వాటిని ఏరి తీయడానికి పెద్ద ఫ్యాన్లు, రసాయనాలు, బోలెడంత వేడి కావాలి. పండక్కి గోడకు సున్నం కొడితే కొన్నాళ్లకు గట్టిపడుతుంది చూడండి, అది గాలిలోని ఈ వాయువును పీల్చుకోవడం వల్లే. కాలిఫోర్నియాలోని ట్రేసీలో ఎయిర్‌లూమ్ కంపెనీ 2023లో మొదలుపెట్టిన ప్లాంట్ ఈ సున్నం గుణం మీదే నడుస్తుంది. సున్నాన్ని ట్రేలలో పరిచి ఆరబెడతారు, వాయువును పీల్చుకున్నాక కొలిమిలో కాల్చి దాన్ని బయటికి తీస్తారు, మిగిలిన సున్నాన్ని మళ్లీ ట్రేలలో పరుస్తారు. ఆ ప్లాంట్ సామర్థ్యం ఏడాదికి 1,000 టన్నుల వరకు. ఈ 1,000 అంకె గుర్తుంచుకోండి, కింద మళ్లీ వస్తుంది.

ఎవరికి, ఎంత

ఈ సెక్షన్ 2008లో వచ్చింది. 2018లో పెంచారు. నేరుగా గాలిలోంచి తీసే ప్లాంట్లకు ఇప్పుడున్న రేటు 2022 నాటి ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్‌తో వచ్చింది. భూగర్భంలో శాశ్వతంగా దాస్తే మెట్రిక్ టన్నుకు 180 డాలర్లు. చమురు బావుల్లోకి పంపినా, ఏదైనా వస్తువు తయారీలో వాడినా అప్పట్లో 130 డాలర్లే ఇచ్చేవారు. 2025 జులై 4న సంతకమైన చట్టం ఆ తేదీ తర్వాత మొదలయ్యే ప్లాంట్లకు ఆ తేడా తీసేసి అన్నిటికీ 180 చేసింది. భూమిలో దాచిపెట్టిన టన్నునూ, మరింత చమురు తోడడానికి వాడిన టన్నునూ ఒకే గాటన కట్టడం నాకు నచ్చలేదు. కానీ ఇప్పుడున్న చట్టం అదే.

180 అనేది పూర్తి రేటు. అసలు రేటు 36 డాలర్లే. నిర్మాణంలోనూ, ఆ తర్వాత క్రెడిట్ నడిచే కాలంలో చేసే మరమ్మతుల్లోనూ కూలీలకు ఆ ప్రాంతానికి ప్రభుత్వం నిర్ణయించిన వేతనం ఇచ్చి, అప్రెంటిస్‌లను నిబంధన ప్రకారం పెట్టుకుంటేనే దానికి అయిదు రెట్లు వస్తుంది. లెక్క వేసి చూడండి. ఏడాదికి 1,200 టన్నులు తీస్తే 2,16,000 డాలర్లు. కూలీల రికార్డులు సరిగ్గా లేకపోతే అదే పనికి 43,200. కాంట్రాక్టరు, సబ్ కాంట్రాక్టరు ఇచ్చే ప్రతి వారపు పేరోల్ కాపీని మొదటి రోజు నుంచే మీ దగ్గర పెట్టుకోండి. పని అయిపోయాక వాళ్ల వెంట పడితే దొరకవు. వేతనం ఎక్కడైనా తక్కువ పడితే తేడా, వడ్డీ, పెనాల్టీ కట్టి సరిదిద్దుకునే వీలుంది, కానీ దానికి కూడా రికార్డులు కావాల్సిందే.

ఇక ఆ 1,000. గాలిలోంచి తీసే ప్లాంట్ ఆ ట్యాక్స్ సంవత్సరంలో కనీసం 1,000 మెట్రిక్ టన్నులు పట్టి తీరాలి. 980 దగ్గర ఆగితే ఆ ఏడాదికి వచ్చేది సున్నా. కాబట్టి సరిగ్గా 1,000 టన్నుల సామర్థ్యంతో డిజైన్ చేసి, నెల రోజులు రిపేరుకు ఆగిపోతే ఏడాది మొత్తం పోయినట్టే. ఆ టెన్షన్ లేకుండా మొదట్లోనే కాస్త ఎక్కువ సామర్థ్యంతో కట్టుకోవడం మేలు. నిర్మాణం 2033 జనవరి 1 లోపు మొదలవ్వాలి. యంత్రాలు పనిలోకి వచ్చిన రోజు నుంచి 12 ఏళ్లు క్రెడిట్ వస్తుంది.

క్రెడిట్ దక్కేది యంత్రాల యజమానికి. వాయువును భూమిలోకి పంపేది వేరే కంపెనీ అయితే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. యజమాని కావాలనుకుంటే క్రెడిట్‌ను ఆ కంపెనీకే వదిలేయొచ్చు. చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియాల నియంత్రణలో ఉన్న సంస్థలకు 2025 చట్టం తలుపు మూసేసింది. భారతదేశం ఆ జాబితాలో లేదు.

బావి దగ్గర మొదలుపెట్టండి

భూమిలో దాచాలంటే క్లాస్ సిక్స్ అనే రకం బావికి పర్మిట్ ఉండాలి. దాన్ని పర్యావరణ సంస్థ ఈపీఏ ఇస్తుంది. నార్త్ డకోటా, వయోమింగ్, లూసియానా లాంటి రాష్ట్రాల్లో ఆ అధికారం రాష్ట్రానికే ఉంది, కాబట్టి ముందు మీ రాష్ట్రంలో ఎవరిస్తారో కనుక్కోండి. రాతిపొరల వివరాలు, వాయువు ఎంత దూరం పాకుతుందన్న అంచనా, చుట్టుపక్కల పాత బావుల జాబితా, తాగునీటి పొరలకు రక్షణ, బావి మూసేశాక మామూలుగా 50 ఏళ్ల వరకు చూసుకునే ప్లాన్, దానికయ్యే డబ్బుకు హామీ, ఇవన్నీ ఇవ్వాలి. తర్వాత ప్రజల అభ్యంతరాలకు కనీసం 30 రోజులు. ఇదంతా తేలడానికి నెలలు కాదు, ఏళ్లు పడుతుంది. టెక్సస్‌లోని ఎక్టర్ కౌంటీలో ఏడాదికి 5 లక్షల టన్నుల సామర్థ్యంతో కట్టిన స్ట్రాటోస్ ప్లాంట్‌కు ఈ పర్మిట్లు 2025 ఏప్రిల్‌లో వచ్చాయి.

పర్మిట్ చేతికొచ్చిన 180 రోజుల్లో, దాచిన వాయువును ఎలా కొలుస్తారో, లీకైతే ఎలా పట్టుకుంటారో చెప్పే ఎమ్మార్వీ ప్లాన్‌ను ఈపీఏకు పంపి ఆమోదం తీసుకోవాలి. వాయువును పట్టిన చోట ఒక కొలత, భూమిలోకి పంపే చోట దాన్ని సరిచూసే మరో కొలత ఉండాలి. ఈ రెండు కొలతల అంకెలు కలవకపోతే ఎందుకు కలవలేదో రాసి పెట్టుకోవాలి. 2025 సెప్టెంబరులో ఈపీఏ తన రిపోర్టింగ్ వ్యవస్థలో చాలా భాగాన్ని ఎత్తేస్తామని ప్రతిపాదించింది. ఈపీఏ పోర్టల్ తెరుచుకోకపోతే 2025 లెక్కలను స్వతంత్ర ఇంజినీరు లేదా జియాలజిస్టు సర్టిఫికెట్‌తో చూపొచ్చని ఆ డిసెంబరులో అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ చెప్పింది. అందుకే ఫైల్ చేసే ముందు ఆ ఏడాదికి వచ్చిన ఐఆర్ఎస్ నోటీసులు తప్పకుండా చదవండి.

వాయువును భూమిలో దాచకుండా కాంక్రీటులోనో ఇంధనంలోనో వాడితే దారి వేరు. మొత్తం మీద ఎంత కార్బన్ నిజంగా తగ్గిందో లెక్కగట్టే లైఫ్ సైకిల్ అనాలిసిస్ చేయించి, ఇంధన శాఖ పరిశీలన, ఐఆర్ఎస్ ఆమోదం తీసుకోవాలి.

ఇక ఫారాలు

ఫారం 8933లో టన్నుల లెక్క రాసి, దానికి షెడ్యూళ్లు జతచేయాలి. వాయువును భూమిలోకి పంపిన ఆపరేటరు సర్టిఫికేషన్ కూడా అందులో ఉంటుంది, కాబట్టి మార్చిలో కాకుండా జనవరిలోనే వాళ్లను అడగండి. అక్కడి నుంచి ఆ మొత్తం, వ్యాపార క్రెడిట్లన్నీ కలిపి చూపే ఫారం 3800కి వెళుతుంది.

కొత్త కంపెనీకి లాభాలే ఉండవు, మరి పన్నులో తగ్గించుకునేది ఏముంటుంది? దీనికి రెండు దారులున్నాయి. మొదటి అయిదేళ్లు క్రెడిట్ మొత్తాన్ని నేరుగా డబ్బుగా అడగొచ్చు. లాభాపేక్ష లేని సంస్థలకైతే ఈ వీలు 12 ఏళ్లూ ఉంటుంది. లేదంటే సంబంధం లేని మరో కంపెనీకి క్రెడిట్‌ను నగదుకు అమ్ముకోవచ్చు. ఒకసారి కొన్నవాళ్లు దాన్ని తిరిగి అమ్మడానికి లేదు. ఏ దారికైనా ముందు ఐఆర్ఎస్ పోర్టల్‌లో ప్లాంట్‌ను నమోదు చేసి రిజిస్ట్రేషన్ నంబర్ తీసుకోవాలి. ఈ పని ఏటా చేయాలి. రిటర్న్ వేయడానికి కనీసం 120 రోజుల ముందు పెట్టుకోమని ఐఆర్ఎస్ సలహా. ఈ ఆప్షన్‌ను గడువులోపు వేసిన అసలు రిటర్న్‌లోనే ఎంచుకోవాలి. తర్వాత సవరించిన రిటర్న్‌లో ఎంచుకుంటామంటే ఒప్పుకోరు. టైమ్ చాలదనిపిస్తే ముందే ఫారం 7004తో గడువు పొడిగించుకోండి.

డబ్బు వచ్చాక కూడా ఫైలు మూయకండి. దాచిన వాయువు లీకైతే మూడేళ్లు వెనక్కి వెళ్లి క్రెడిట్‌ను తిరిగి వసూలు చేస్తారు. మీటర్ల రీడింగులు, వాటిని సరిచూసిన సర్టిఫికెట్లు, పేరోల్ కాపీలు, ఒప్పందాలు అన్నీ ఏడాదివారీగా ఒకేచోట పెట్టి, ఇంకో కాపీ మీ అకౌంటెంటు దగ్గర ఉంచండి.