టావెర్న్ బ్రాల్‌లో గేమ్ పంచిన డెక్‌తో ఆడటం ఎలా

చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చే బస్సు పూతలపట్టు దాటిన తర్వాత, పక్కసీట్లో ఉన్న మా పిన్ని కొడుకు ఫోను నా ముందు పెట్టి, "ఏందన్నా ఇది, ఒగ ముక్కకీ ఇంగో ముక్కకీ సంబంధమే లేదే!" అన్నాడు. వాడు ఆడుతున్నది హార్త్‌స్టోన్ అనే ఫోను కార్డుల ఆటలోని టావెర్న్ బ్రాల్. "పేకాటలో మాత్రం నిన్నడిగి పంచుతారా అబ్బయ్యా?" అన్నాను. తమాషాకు అన్న మాటే అయినా, పండగపూట వాకిట్లో పైసా పెట్టకుండా రమ్మీ ఆడిన వారికి ఈ బ్రాల్‌లో సగం విద్య ముందే వచ్చి ఉంటుంది.

హార్త్‌స్టోన్ 2014లో విడుదలైంది. అందులో టావెర్న్ బ్రాల్‌ను 2015 జూన్‌లో చేర్చారు. ఇది కొద్దిరోజుల గడువుతో తెరుచుకుని, మళ్లీ తెరిచేసరికి నియమాలు మార్చుకునే ఆట. కొన్ని బ్రాల్‌లలో క్లాస్‌ను, అంటే మనం ఆడే హీరో తరహాను మాత్రమే మనం ఎంచుకుంటాం. 30 కార్డుల డెక్‌ను గేమే తోచినట్టు పేర్చి ఇస్తుంది, ఆట ఆటకూ డెక్ మారిపోతుంది. మన దగ్గర లేని కార్డులు కూడా అందులో వస్తాయి కనుక, ఏళ్ల తరబడి కార్డుల ప్యాకులు కొన్నవారికీ, నిన్ననే ఆట దించుకున్నవారికీ ఇక్కడ తేడా ఉండదు. నాకు ఈ బ్రాల్ మీద మక్కువ కలగడానికి ముఖ్యమైన కారణం అదే.

డెక్‌లో ఏముందో తెలియనప్పుడు, తెలిసినది ఒక్కటే: హీరో పవర్, అంటే క్లాస్‌తో పాటే వచ్చే శక్తి. చాలా క్లాసులకు అది రెండు మానాతో (మానా అంటే ఆడటానికి ఖర్చుపెట్టేది, టర్ను టర్నుకూ ఒకటి పెరుగుతుంది), ప్రతి టర్నులోనూ, ఏ కార్డు వచ్చినా రాకపోయినా సిద్ధంగా ఉంటుంది. కాబట్టి క్లాస్‌ను హీరో పవర్ చూసి ఎంచుకోవాలే తప్ప, మామూలు ఆటలో మనకు అలవాటైన డెక్‌ను తలచుకుని ఎంచుకోకూడదు. నా మొదటి ఎంపిక మేజ్. ఎవరి మీదనైనా ఒక డ్యామేజ్ వేయగలగడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఒక హెల్త్‌తో కొనఊపిరి మీద మిగిలిన మినియన్‌ను, అంటే బోర్డు మీద దించిన సైనికుణ్ని, కార్డు ఖర్చు లేకుండా తీసేయగలగడం ఇలాంటి అతుకుల బొంత డెక్‌లో పెద్ద అండ. రెండు డ్యామేజ్ భరించి కార్డు లాక్కునే వార్లాక్ దాని తర్వాతి స్థానంలో ఉంటుంది. హంటర్ పవర్ ఎదుటి హీరోకే తగులుతుంది, బోర్డు మీది మినియన్‌ను అది ముట్టుకోదు. వేగంగా దాడిచేసే డెక్ వస్తుందన్న హామీ లేనప్పుడు దాన్ని నేను తీసుకోను.

ఆట మొదట్లో వచ్చే మల్లిగన్‌లో, అంటే వద్దనుకున్న కార్డులు తిరిగిచ్చే చోట, ఎక్కువమంది తప్పు చేస్తారు. ముందు ఆడేవారికి మూడు కార్డులూ, తర్వాత ఆడేవారికి నాలుగు కార్డులతో పాటు, ఒక టర్నులో ఒక మానా అదనంగా ఇచ్చే కాయినూ వస్తాయి. మా వాడి చేతిలో ఆ రోజు ఉన్నవి రివర్ క్రాకొలిస్క్, ఫైర్‌బాల్, మర్లాక్ వార్‌లీడర్, బౌల్డర్‌ఫిస్ట్ ఓగర్. వాడు ఆరు మానా ఓగర్‌ను చూసి మురిసి ఉంచుకుంటానన్నాడు. 6/7 బలమున్న కార్డే (ముందు అంకె దాడి, వెనకది హెల్త్), కాదనను. కానీ ఆరో టర్ను దాకా అది చేతిలో బరువే. రెండు మానాకు 2/3గా దిగే క్రాకొలిస్క్‌ను మాత్రం ఉంచి, మిగిలిన మూడూ వెనక్కి ఇప్పించాను. ఇచ్చిన కార్డుల స్థానంలో కొత్తవి వచ్చాకే పాతవి డెక్‌లో కలుస్తాయి కాబట్టి, ఇచ్చిన ఓగరే వెంటనే తిరిగి చేతికి రాదు.

దీని వెనక చిన్న లెక్క ఉంది. 30 కార్డుల్లో రెండు మానావి, అంతకు లోపువి కలిపి ఎనిమిది ఉన్నాయనుకుందాం. ముందు ఆడేవారి తొలి మూడు కార్డుల్లో వాటిలో ఒక్కటైనా ఉండే అవకాశం 62 శాతం. ఒక్కటీ రాకపోతే మూడింటినీ మార్చేసే అలవాటు ఉంటే అది 87 శాతానికి చేరుతుంది. మొదటి ఏడు టర్నుల్లో మనకు దొరికే మానా మొత్తం 28; తొలి మూడు టర్నులూ ఖాళీగా వదిలితే అందులో ఆరు మానా, అంటే అయిదో వంతుకు పైగా, నీళ్లపాలైనట్టే.

తర్వాతి ఆటంతా ఈ పొదుపు మీదే నడుస్తుంది. నాలుగో టర్నులో 4/5 ఉన్న చిల్‌విండ్ యెటీ చేతిలో ఉంటే ఆలోచించకుండా దించాలి. అది లేకపోతే రెండు మానా మినియన్, దానితో పాటు హీరో పవర్. మర్లాక్ వార్‌లీడర్ తోటి మర్లాక్‌లకు బలమిచ్చే కార్డు. కానీ ఇలాంటి డెక్‌లో ఇంకో మర్లాక్ వస్తుందని ఎదురుచూడటం, సీక్వెన్స్‌కు కావలసిన ఒక్క ముక్క కోసం కూర్చుని ఫుల్ కౌంట్‌తో దొరికిపోవడం లాంటిది. మూడు మానాకు 3/3 మినియన్‌గానే దాన్ని లెక్కగట్టి, మూడో టర్నులో దించేయాలి. కార్డు మీద రాసి ఉన్న షరతు నెరవేరితే అది లాభం, నెరవేరకపోతే నష్టమేమీ లేదు.

సొంత డెక్‌తో ర్యాంక్ కోసం పోటీపడే ర్యాంక్డ్ ఆటలో ఆరితేరినవారు ఇక్కడ తడబడటానికి ఇంకో కారణం భయం. ఎదుట మేజ్ ఉంటే, ఏడో టర్నులో ఫ్లేమ్‌స్ట్రైక్ వచ్చి బోర్డంతా ఊడ్చేస్తుందని వారు మినియన్లను చేతిలో దాచుకుంటారు. ర్యాంక్డ్‌లో ఆ జాగ్రత్త సబబే. తెలిసి పేర్చుకున్న డెక్‌లో ఒకే కార్డును రెండుసార్లు పెట్టుకోవచ్చు. వేల కార్డుల్లోంచి గేమ్ గుడ్డిగా ఏరిన 30లో ఆ ఫలానా కార్డు ఉండటం, అది సరిగ్గా ఆ టర్నుకే చేతికి రావడం అరుదు. అందుచేత ఇక్కడ బోర్డు మీద ధైర్యంగా పరచాలి. ఒక్కోసారి దెబ్బ తింటాం. దాచుకుని ఓడిపోయే ఆటలు అంతకంటే ఎక్కువ.

ఎప్పుడు వదిలేయాలన్నది కూడా తెలిసి ఉండాలి. ఓడితే ర్యాంక్ పోదు, మరుసటి ఆటకు డెక్ ఎలాగూ కొత్తదే. అయిదో టర్నుకు మన బోర్డు ఖాళీగా ఉండి, ఎదుటివారికి మూడు మినియన్లు నిలిచి, చేతిలో వాటిని తీసే కార్డు కనిపించకపోతే, రమ్మీలో లాగా డ్రాప్ చెప్పడమే మేలు. తొలి గెలుపుకు మాత్రమే ఒక ప్యాక్ బహుమతిగా వస్తుంది కాబట్టి, చావు ఆటను సాగదీసి సమయం పోగొట్టుకోనక్కరలేదు.

చంద్రగిరి దగ్గరపడుతుండగా సిగ్నల్ పోయింది. టర్నుకున్న 75 సెకన్లు అయిపోతున్నాయని చూపిస్తూ చివర కాలే తాడు మా వాడి ఫోనులో కదలకుండా నిలిచిపోయింది. అలాంటప్పుడు కంగారుపడి ఆటను వదిలేయకుండా, మళ్లీ తెరిస్తే అదే ఆటలోకి తిరిగి చేరుకునే వీలుంది. పోయేది ఒకటో రెండో టర్నులు. మేం తిరిగి ఆటలోకి చేరేసరికి ఒక టర్ను పోయింది, అంతకుముందే దించిన యెటీ మాత్రం బోర్డు మీద చెక్కుచెదరకుండా ఉంది. తిరుపతి బస్టాండులో దిగేలోపు వాడికి ప్యాక్ వచ్చింది. దాన్ని విప్పి చూస్తే అందులో ఇంకో మర్లాక్!