నారు పెంపకం, 5వ పాఠం: నీడలో పెట్టినా ఆకులు ఎందుకు తెల్లబడ్డాయి?

ఇంట్లో పెంచిన నారును మడిలో నాటే ముందు బయటి ఎండకూ గాలికీ మెల్లమెల్లగా అలవాటు చేయమని పోయిన పాఠంలో చెప్పాను. అది చదివి నారు ట్రేలు బయట పెట్టినవాళ్లలో చాలామందికి రెండు మూడు రోజుల్లోనే ఆకులు తెల్లబడ్డాయి. నిజానికి ఈసారి మడిలో నాటడం గురించి రాయాలి. దాన్ని వచ్చే పాఠానికి జరిపాను. తెల్లబడ్డ నారు తీసుకెళ్లి మడిలో పెడితే అది కోలుకోవడానికే కాలమంతా సరిపోతుంది.

ముందు టెన్షన్ పడకండి. కాగితంలా పలచబడి, తెల్లగానో లేత గోధుమరంగులోనో కనిపించే ఆ మచ్చలు తెగులు కాదు. ఎండకు కాలిన చోట్లు. పైఆకు నీడ పడిన మేరకు కింది ఆకు పచ్చగా మిగిలి, నేరుగా ఎండ తగిలిన భాగమే తెల్లబడి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. తెగులైతే రోజురోజుకూ కొత్త ఆకులకు పాకుతుంది. ఇది పాకదు.

దీన్ని తెగులనుకుని కొందరు వేపనూనె కొట్టారు. దయచేసి ఆ పని చేయకండి. కాలిన ఆకు మీద నూనె పడి, మళ్లీ ఎండ తగిలితే మిగిలిన పచ్చదనం కూడా మాడిపోతుంది. త్వరగా కోలుకోవాలని యూరియా నీళ్లు కూడా పోయకండి. నత్రజని ఎక్కువైతే వచ్చే చిగురు మెత్తగా, నీరు పట్టి ఉంటుంది. మనకు కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

మొక్క నడినెత్తిన చిగురు పచ్చగా ఉందా? ఉంటే బతుకుతుంది. సగం తెల్లబడ్డ ఆకుల్ని తుంచకండి, మిగిలిన సగం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. తెల్లబడిన చోటు మళ్లీ పచ్చబడదు కాబట్టి దానికోసం ఎదురుచూడకండి. చిగురు మాడిపోయినవాటిని తీసేసి కొత్తగా విత్తుకోండి. ఇంకో మాట: భయపడి ట్రేలను మళ్లీ ఇంట్లోకి చేర్చినవాళ్లు వెంటనే బయటికి తెండి. ఎండ తగలకుండా, వెలుగు బాగా ఉండే చోట నాలుగు రోజులు ఉంచండి. గదిలో ఉంచితే అక్కడ వచ్చే చిగురు కూడా గది చిగురే అవుతుంది, కథ మొదటికొస్తుంది.

కిటికీ పక్కన వెలుగు బోలెడు ఉన్నట్టు మన కంటికి అనిపిస్తుంది. కన్ను సర్దుకుపోతుంది కాబట్టి తేడా తెలియదు. కిటికీ పక్కన పెట్టిన ట్రేకి చాలాసార్లు కొన్ని వేల లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) మాత్రమే అందుతుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట అది లక్ష దాకా పోతుంది. పైగా ఆకును కాల్చే అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగాన్ని కిటికీ అద్దం ఆపేస్తుంది. అక్కడ పెరిగిన ఆకు మీద మైనపు పొర పలచగా ఉంటుంది. అది మందం కావడానికి రోజులు పడుతుంది, గంటలు చాలవు.

ఇక అసలు విషయానికి వస్తాను. తెల్లబడ్డ నారు గురించి చెప్పిన ప్రతి ఒక్కరూ "నీడలోనే పెట్టాం" అన్నారు. నమ్ముతున్నాను. పెట్టినప్పుడు అది నీడే. కానీ నీడ కదులుతుంది. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. ఉదయం ఎనిమిదింటికి చల్లగా ఉన్న చోటు రెండింటికి నిప్పులు చెరగొచ్చు.

గోడకు పడమటి వైపు చూడండి. పొద్దున్నంతా హాయిగా నీడ ఉంటుంది, ట్రే పెట్టి పనికి వెళ్లిపోతారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, రోజులో వేడి ఎక్కువగా ఉండే వేళ, ఎండ తిన్నగా అక్కడికే వస్తుంది. మంచి జాగా అనుకుని చాలామంది ఎంచుకునేది అదే, నాకు బాధ కలిగించేదీ అదే. చెట్టు నీడ ఇంకో రకం. కొమ్మల మధ్య సందుల్లోంచి ఎండ మచ్చలు మచ్చలుగా పడుతూ జరుగుతుంటే ఫర్వాలేదు, పెద్ద సందు ఒకటి ఉండి గంటసేపు ఒకే ట్రే మీద పడితే ఆ ట్రే పోతుంది. ఆరేసిన బట్టల నీడ బట్టలు తీయగానే పోతుంది. ఆగి ఉన్న కారు నీడ కారుతోపాటే వెళ్లిపోతుంది. మబ్బును అసలు లెక్కలోకి తీసుకోకండి, మబ్బు విడిపోయేటప్పుడు మీరు ఇంట్లో ఉండరు. సున్నం వేసిన గోడ ముందు పెడితే నీడలో ఉన్నా ఎదుటి నుంచి వెలుగు, వేడి తిరిగొస్తాయి. సిమెంటు నేల కింది నుంచి కాలుస్తుంది. ట్రే కింద రెండు ఇటుకలో, ఒక చెక్కో వేయండి.

నేను ఎప్పుడూ గోడకు తూర్పు వైపునే వాడతాను. మొదటి రెండు రోజులు మధ్యాహ్నం గోడ నీడ పడ్డాకే ట్రేలు తెచ్చి పెడతాను. మూడో రోజు నుంచి పొద్దున్నే పెట్టి, ఎండ ముదిరే వేళకు పలచటి తెల్ల నూలు గుడ్డ కప్పుతాను. గుడ్డ కప్పే వేళను రోజూ ఓ గంట ఆలస్యం చేస్తూ పోతాను. గుడ్డ అవసరం లేదనిపించాక ట్రేలను రోజుకో అడుగు గోడకు దూరంగా లాగుతాను. గోడ మొదట్లో మధ్యాహ్నం కాగానే నీడ వస్తుంది, దూరం జరిగేకొద్దీ ఆలస్యంగా వస్తుంది కదా. గడియారం చూసి లోపలికి, బయటికి మోయడం కంటే ఇది నాకు ఎంతో నయం. పగలంతా ఇంట్లో ఉండనివాళ్లు గుడ్డకు బదులు 50 శాతం షేడ్ నెట్ (సగం ఎండను ఆపే వల) వేసి వెళ్లండి.

గాలి గురించి ఒక్క ముక్క. మెల్లగా ఊపే గాలికి కాండం లావెక్కుతుంది, తగలనివ్వండి. ఈదురుగాలికి మాత్రం అడ్డం పెట్టండి.

పోయిన పాఠంలో నీళ్లు తగ్గించమన్నానని కొందరు పూర్తిగా మానేశారు. రెండుసార్లు పోసే మధ్య ఎడం పెంచమన్నాను, అంతే. మధ్యాహ్నం మొక్క వాలితే ట్రే ఎత్తి చూడండి. తేలిగ్గా ఉంటే నీళ్లు పోయండి. బరువుగా ఉంటే నీడకు జరపండి చాలు.

రాత్రి చలి అన్ని నార్లకూ ఒకేలా సరిపడదు. టమాటా, వంగ, మిరప నారును 10 డిగ్రీల కంటే తగ్గే రాత్రి బయట ఉంచకండి. దోస, గుమ్మడి ఇంకా సుకుమారం, వాటికి 13 అయినా ఉండాలి. క్యాబేజీ, ఉల్లి 5 డిగ్రీలను కూడా తట్టుకుంటాయి. అలాగని ముదిరిన క్యాబేజీ నారును వారాల తరబడి చలిలో వదిలేస్తే గడ్డ కట్టకుండా పూతకొచ్చేస్తుంది.

ఇలా బయటికి అలవాటు చేయడం ఎన్ని రోజులు అని అడుగుతారు. మామూలుగా 7 నుంచి 14 రోజులు. నేను రోజుల కంటే ఆకును చూస్తాను. బయటే పుట్టి, బయటే పూర్తిగా విచ్చుకున్న ఆకు ఒక్కటైనా ఉండాలి. అది మందంగా, కాస్త ముదురు రంగులో ఉంటుంది, వేళ్ల మధ్య పట్టుకుంటే పాత ఆకుకూ దానికీ తేడా తెలుస్తుంది. తెల్లబడ్డ నారుకు అలాంటివి రెండు వచ్చేదాకా నాటకండి.

అభ్యాసం: ఇది ఒక రోజంతా పడుతుంది, సెలవు రోజు పెట్టుకోండి. మీరు ట్రేలు పెట్టాలనుకున్న చోట ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా ప్రతి గంటకూ నీడ అంచు వెంట సుద్దముక్కతో గీత గీసి, పక్కన టైమ్ రాయండి. మట్టి నేలైతే పుల్లలు గుచ్చండి. మధ్యలో ఒక్క గంట కూడా వదలకండి, ముఖ్యంగా 12 నుంచి 4 మధ్య. వారం తర్వాత మళ్లీ ఒకసారి మధ్యాహ్నం గీతలు మాత్రం సరిచూడండి, ఆ కొద్ది రోజుల్లోనే అంచు జరగొచ్చు. గీతలు చెరిగిపోకముందే కాగితం మీద ఎక్కించుకోండి. మడి ఎక్కడ వేయాలో వచ్చే పాఠంలో ఆ కాగితం చూసే నిర్ణయిస్తాం.